మరపడవల క్రీస్తురాజు

ఆ మాట అన్నది పద్మనాభయ్య. ఇంకెవరన్నా అని ఉంటే క్రీస్తురాజు అక్కడికక్కడే చొక్కా పట్టుకునేవాడు. అన్నది తనతో ఒకే గదిలో చాప పరుచుకుని చదివినవాడు కావడంతో చెయ్యి లేవలేదు.

ఇంజనీరింగు కాలేజీలో వాళ్ళకది ఆఖరు సంవత్సరం. ల్యాబు షెడ్డులో పడుకున్న దున్నపోతంత డీజిలు ఇంజను ఒకటి ఉండేది. కుర్రాళ్ళను జట్లుగా విడగొట్టి దానిమీద పరీక్షలు చేయించేవాళ్ళు. ఒకడు నూనె ఎంత తాగుతోందో చూడాలి. ఒకడు చక్రానికి చుట్టిన తాడు మీద బరువు చూడాలి. ఒకడు ఇంజను చుట్టూ చల్లనీళ్ళు తిరిగే కుళాయి తిప్పి, దాని దగ్గరే కాచుకుని ఉండాలి. ఆ రోజు నీళ్ళు పద్మనాభయ్య వంతు. సంగం ఊళ్ళో పెన్న కింద మాగాణి ఉన్న ఇంటి బిడ్డ అతను. చేనికి నీళ్ళు తిప్పడానికి కూడా ఇంట్లో వేరే మనుషులుండేవాళ్ళు. కుళాయి మాట మరిచి కిటికీ దగ్గర ఎవరితోనో కబుర్లలో పడ్డాడు. రంగు కాలిన వాసన ముక్కుకు తగిలాక పరుగెత్తుకొచ్చాడు. ఇంజను ఆపి చల్లారనివ్వాల్సింది పోయి, భయంతో కుళాయి మొత్తం తిప్పేశాడు. కాగిపోతున్న పోత ఇనుము మీద చల్లనీళ్ళు పడితే ఏమవుతుందో మొదటి యేడు పుస్తకంలోనే ఉంది. టప్పుమని ఒక్కటే చప్పుడు. సిలిండరు పైనుంచి కిందికి చీలింది.

డిపార్టుమెంటు హెడ్డుగారు వచ్చారు. “నీళ్ళెవరు చూస్తున్నారు?” అన్నారు.

“క్రీస్తురాజు చూసుకుంటానన్నాడు సార్,” అన్నాడు పద్మనాభయ్య, చీలిక వైపే చూస్తూ.

జట్టులో మిగిలినవాళ్ళు నేల చూశారు. అందరూ సంగం నుంచి వచ్చే నెయ్యి తిన్నవాళ్ళే. ఆ నెయ్యి క్రీస్తురాజూ తిన్నాడు. సాయంత్రంలోగా పద్మనాభయ్యే వెళ్ళి నిజం చెప్పి వస్తాడని అతను ఎదురుచూశాడు. పద్మనాభయ్య తలనొప్పని దుప్పటి కప్పుకున్నాడు. మరునాడు క్రీస్తురాజు తానే పోయి చెప్పుకుంటే, “ఆ మాట నిన్ననే అనొచ్చు గదయ్యా,” అన్నారు హెడ్డుగారు. అక్కడితో ఆ తలుపు మూసుకుంది.

మద్రాసులో పడవలకు ఇంజన్లు చేసే కంపెనీ ఒకటి ఏటా ఆ కాలేజీ నుంచి ఒక కుర్రాడిని శిక్షణకు తీసుకునేది. ఆ యేడు క్రీస్తురాజును పంపుదామని హెడ్డుగారు అంతకు ముందే అని ఉన్నారు. ఇంజను పగిలాక పద్మనాభయ్యను పంపారు.

ఊళ్ళో జరిగింది ఇంకా ఘోరం. క్రీస్తురాజు తండ్రి జకరయ్య అల్లూరు దగ్గర మిషను బడిలో పంతులు. కొడుకు మీద నింద పడిందని, ప్రార్థన చేయమని సంఘపెద్ద సమాధానం అనే ఆయనతో చెప్పుకున్నాడు. సమాధానం మంచివాడే. కాని ఒక సంగతి చెవిలో వేస్తే సగమే వింటాడు, ఆ సగాన్ని రెండింతలు గట్టిగా చెబుతాడు. ఆదివారం గుడి నిండా జనం ఉండగా లేచి కళ్ళు మూసుకుని, “ప్రభువా, మా బిడ్డ క్రీస్తురాజు చేతిలో సర్కారు ఇంజను పగిలినాది. బిడ్డ చేతులకు జాగ్రత్త దయచేయి తండ్రీ,” అన్నాడు. ఆడా మగా అందరూ కళ్ళనీళ్ళతో ఆమెన్ అన్నారు. ప్రార్థనలో పలికిన మాటకు ఎదురు చెప్పే ఆచారం ఎక్కడా లేదు. తల్లి రెబెక్కమ్మ కూడా ఆమెన్ అంది. ఆ రోజు నుంచి ఆ చుట్టుపక్కల అతను ఇంజను పగలగొట్టిన ఇంజనీరు.

పట్టా చేతికొచ్చింది. దాంతో ఏం చేయాలో మాత్రం ఊళ్ళో ఎవరికీ అంతుబట్టలేదు. సివిలు చదివినవాడు కాలవల ఇంజనీరవుతాడు, జీపులో వస్తాడు, కరణం ఎదురొస్తాడు. అది అందరికీ తెలుసు.

“మెకానికలంటే ఏంది నాయనా?” అని అడిగాడు సమాధానం. “లారీలు బాగుచేసేదా?”

“లారీలు కూడా.”

“దానికి ఇన్నేళ్ళు చదవాల్నా? నెల్లూరు ట్రంకురోడ్డు కాడ పిలకాయలు మూణ్ణెల్లకే నేర్చుకుంటుండారే!”

కూడా చదివినవాళ్ళు కొందరు భిలాయి ఉక్కు ఫ్యాక్టరీకి పోయారు. ఇద్దరు రైల్వేలో చేరారు. చైనా యుద్ధం వచ్చాక ఒకడు మిలిటరీ వర్కుషాపుకు పోయి, యూనిఫారంలో ఫోటో తీయించుకుని పంపాడు. పెద్ద చోట్ల ఎక్కడ చూసినా హెడ్డుగారి మంచిమాట ఒకటి అడిగేవాళ్ళు. ఆయన దగ్గర క్రీస్తురాజుకు ఆ మాట లేదు.

నాయుడుపేటలో నరసయ్య అనే ఆయన బియ్యం మిల్లులో చేరాడు. మిల్లు గేటు మీద ‘బి.ఇ. ఇంజనీరుచే నడపబడుచున్నది’ అని రాయించుకోవడానికే నరసయ్య అతన్ని పెట్టుకున్నాడని నెల తిరగక ముందే తెలిసిపోయింది. గేటు మీద రంగు ఆరేదాకానే ఇంజనీరుతో పని. ఒకరోజు క్రీస్తురాజు, బెల్టులు ఫలానా విధంగా మారిస్తే నూకలు తగ్గుతాయని కాగితం మీద గీసి చూపించాడు.

“తిరుగుతుండాదా, లేదా?” అన్నాడు నరసయ్య.

“తిరుగుతుంది. కానీ...”

“తిరిగేదాన్ని ఎందుకబ్బయ్యా కెలికేది? పో, కూర్చో. నీకు కుర్చీ వేయించినాను గదా.”

కుర్చీలో కూర్చోవడం అతని వల్ల కాలేదు. నెల్లూరులో పంపుసెట్లమ్మే దుకాణంలో చేరాడు. బావి మీద ఇంజను దించి, గొట్టాలు బిగించి, నీళ్ళు పైకి తెచ్చి చూపించడం పని. ఆ పని బాగానే నచ్చింది. నీళ్ళు మొదటిసారి బుస్సుమని పైకి వచ్చినప్పుడు రైతులు ఇంజనుకు పసుపు రాసి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. అయ్యాక ఇంజనీరుకు కాఫీ ఇచ్చేవాళ్ళు. ఆ గ్లాసు మాత్రం గొడ్ల చావిడి చూరులోనుంచి తీసేవాళ్ళు. “తాగి కడిగి, ఆడే బోర్లించి పో నాయనా,” అని ఇంటావిడ ఎంతో మర్యాదగా చెప్పేది. ఇనుముకు దొరికే గౌరవం ఇనుమును బిగించినవాడికి దొరకలేదు. మూడో ఇంట్లో గ్లాసు కడగకుండానే వచ్చేశాడు. ఫిర్యాదు దుకాణానికి అతనికంటే ముందు చేరింది.

తర్వాత ఒక పాలిటెక్నిక్కులో కొన్నాళ్ళు. రాత్రి పడుకుంటే తాను ఎక్కడో ఉండాలి, ఇక్కడ కాదు అనిపించేది. ఎక్కడో తెలిసేది కాదు. కనిపించిన పుస్తకమల్లా చదివేవాడు. చదివిన కొద్దీ ఒళ్ళు ఇంకా మండేది. తల్లి పెళ్ళి మాటెత్తితే చొక్కా వేసుకుని బయటికి పోయేవాడు.

ఆఖరికి మత్స్యశాఖలో పని దొరికింది. తీరం వెంట చేపలు పట్టే పట్టపు పాలేలకు సర్కారు మరపడవలు ఇస్తున్న రోజులవి. కొయ్య తెప్పలతో తరతరాలుగా సముద్రానికి పోయేవాళ్ళకు ఇంజను పడవలు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరి పాలేనికి మూడు పడవలు వచ్చాయి. వాటిని చూసుకునే ఇంజనీరు క్రీస్తురాజు. ఇంజన్లు మద్రాసు కంపెనీవే. వాటిని పడవల్లో బిగించి, సరిగా ఉన్నాయని పాసు చేసి పంపింది పద్మనాభయ్యని విన్నాడు. విన్నరోజు అన్నం సహించలేదు.

అయినా పడవలను చూస్తే ప్రాణం లేచొచ్చింది. వెనక పంకాకు ఇంజనుకు మధ్య పొడవాటి ఇనుప కడ్డీ, షాఫ్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే గీతలో తిరగాలి. తిరిగింది. పాలెం పెద్ద హజరత్తయ్య మొదటి రోజు కెరటాల అవతలికి పోయి, మిగిలిన తెప్పలన్నీ ఇంకా తెడ్లు వేస్తుండగానే కానాగంత చేపలతో తిరిగొచ్చాడు. ఒడ్డున ఆడవాళ్ళు ఈలలు వేశారు. తాను చదివిన చదువుకు అర్థం ఉందని క్రీస్తురాజుకు మొదటిసారి తోచింది.

కొన్ని వారాలకే మొదటి పడవలో షాఫ్టు బేరింగు కాలిపోయింది. మార్చాడు. రెండో పడవలో కాలిపోయింది. మార్చిన మొదటిది మళ్ళీ కాలింది. ఆఫీసులో ఒక గుమాస్తా, “మన క్రీస్తురాజు చెయ్యి పడిందంటే ఇంజనుకు నూకలు చెల్లినట్టే,” అన్నాడట. మాట అల్లూరు దాటి ఇక్కడిదాకా నడిచొచ్చింది. ఈ పడవలు నిలబడకపోతే ఇక తాను ఏ ఇంజను దగ్గరికీ పోలేడని, ఆ పేరు గోరింటాకులా అంటుకుపోతుందని అతనికి తెలుసు.

“ఇంజను ఎవరన్నా ముట్టినారా?” అని హజరత్తయ్యను అడిగాడు.

“నీ తోడు సార్, ఎవరూ ముట్టలా. ముడితే జైలన్నారు గదా పెద్దాఫీసరు.”

రోజూ సాయంత్రపు బస్సుకు అల్లూరు పోయేవాడు. ఒకరోజు బస్సు తప్పి వెనక్కి నడిచొచ్చాడు. పొద్దు వాలుతోంది. మూడు పడవల్లోనూ మనుషులు దిగి, ఇంజను కూర్చునే కొయ్య దిమ్మ మీద బోల్టులన్నీ విప్పి, షాఫ్టును విడదీసి, ఇంజను కింద వెదురు బద్దలు దూర్చి పైకి లేపుతున్నారు. దొంగతనం కాదు, దాపరికం కాదు. పాట పాడుకుంటూ విప్పుతున్నారు.

“ఏం చేస్తుండారు మీరు?” అని అరిచాడు.

హజరత్తయ్య ఆశ్చర్యంగా చూశాడు. “విప్పుతుండాం సార్.”

“ముట్టలేదన్నావే!”

“ఇంజను ముట్టలా. కట్లు విప్పినాం. విప్పకుంటే ఎట్టా? మాను ఆరొద్దా?”

అప్పుడు చుట్టూ చూశాడు క్రీస్తురాజు. రోజూ చూస్తున్నదే. ఒడ్డుకొచ్చిన ప్రతి తెప్పనూ కట్లు విప్పి, దుంగలు విడివిడిగా ఇసుకలో ఆరబెట్టి ఉన్నారు. తెప్పను రాత్రంతా కట్టుతో ఉంచితే కట్టు కింద చెమ్మ నిలిచి మాను కుళ్ళుతుంది. కుళ్ళిన మాను కెరటంలో విరుగుతుంది. కట్లు విప్పకుండా ఇంటికి పోయినవాడికి ఆ పాలెంలో అన్నం పెట్టరు.

“ఇది తెప్ప కాదు హజరత్తన్నా. పొద్దున మళ్ళీ బిగించేటప్పుడు ఇంజను వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది. కడ్డీ వంకరగా తిరుగుతుంది. అందుకే కాలిపోతుండేది.”

“గట్టిగానే బిగిస్తుండామే! నలుగురం పట్టి బిగిస్తుండాం.”

“గట్టిగా కాదు, సరిగ్గా...”

హజరత్తయ్య భార్య ఆదిశేషమ్మ తట్ట దించి నడుము మీద చెయ్యి వేసింది. “ఏంది సార్ చెప్పేది? మొగుణ్ణే తడిగుడ్డతో పండబెట్టం మేము. ఇంత పెద్ద పడవను పండబెడతామా? ఆ దిమ్మ కూడా మానే గదా?”

అందరూ నవ్వారు. క్రీస్తురాజు వంగి దిమ్మ మీద చెయ్యి పెట్టి చూశాడు. ఇంజను కింద చెక్క నానిపోయి మెత్తగా ఉంది. ఆమె చెప్పిందాంట్లో అబద్ధం లేదు. తాను చెప్పిందాంట్లోనూ లేదు.

విప్పవద్దని ఎంత చెప్పినా వాళ్ళు వినరు. తాను బస్సెక్కగానే విప్పుతారు. ఆ ఆలోచనతో రెండు రోజులు ఇసుకలో అటూ ఇటూ తిరిగాడు. విప్పనీ, ఎన్నిసార్లు విప్పినా మళ్ళీ అదే చోట కూర్చునేలా చేస్తే సరి అనుకున్నాడు. దిమ్మ మీద ఇనుప పలక పరిచి, ఇంజను కాళ్ళలోనుంచి పలకలోకి ఎదురెదురు మూలల్లో బెజ్జాలు వేసి, రెండు ఉక్కు పిన్నులు దిగగొట్టాలి. ఇంజను ఎత్తితే పిన్నుల మీదుగా లేస్తుంది. దించితే పిన్నుల మీదే దిగుతుంది. ఇందులో కొత్తేమీ లేదు, పుస్తకాల్లో ఉన్నదే. ఆఫీసుకు రాస్తే, మద్రాసు నుంచి జవాబు వచ్చేదాకా ఆగమన్నారు. ఆగడం అతనికి చేతనైన పని కాదు. చేతి డ్రిల్లు పట్టుకుని ఒక పడవకు వేసేశాడు. ఆ పడవ ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఇనుప పలకలు దొరక్క పిన్నులు వేయని మిగిలిన రెండూ ఆగాయి. అందుకని విచారణ వచ్చింది. పెద్దాఫీసరు జీపులో దిగాడు. ఆయన వెనక తెల్లటి ప్యాంటుతో పద్మనాభయ్య దిగాడు.

ఒళ్ళు చేశాడు. జుట్టు పలచబడింది. ఆఫీసరు అటు పోగానే దగ్గరికి వచ్చి, “రాజూ, నిజం చెప్పు. ఫిట్టింగు పాసు చేసింది నేనే. నా తప్పని తేలితే కంపెనీ ఉంచదు. పిల్లలుండారు నాకు,” అన్నాడు.

ఇన్నేళ్ళూ క్రీస్తురాజు కోరుకున్నది ఎదురుగా వచ్చి నిలబడింది. ఏమీ చేయనక్కరలేదు. నోరు మూసుకుంటే చాలు. బోల్టులు విప్పే సంగతి బయటికి రాకపోతే తప్పు ఫిట్టింగుదే అవుతుంది. పద్మనాభయ్య పోతాడు. చెడ్డ ఫిట్టింగును పిన్నులతో దిద్దిన మొనగాడని తనకు పేరొస్తుంది. ఆ మధ్యాహ్నం ఆ రుచి అతని నోట్లో చాలాసేపు నిలిచింది.

ఆఫీసరు పడవలు చూశాడు. బోల్టు తలల మీద స్పానరు గాట్లు చూశాడు. “వీళ్ళు విప్పుతున్నట్టున్నారే,” అన్నాడు. “నేను మొదటే చెప్పాను, ఈ చేపలోళ్ళకు యంత్రాలెందుకని. దొంగిలించి అమ్ముకుంటారు, లేకుంటే పాడుచేస్తారు. మూడూ వెనక్కి తీసుకుపొండి.”

హజరత్తయ్య తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ మనిషి తలగుడ్డ తీయగా క్రీస్తురాజు అదివరకెన్నడూ చూడలేదు. గొడ్ల చావిడి చూరు గుర్తుకొచ్చిందో, గుడిలో ఆమెన్ గుర్తుకొచ్చిందో గాని, మంచితనంతో అన్న మాట మాత్రం కాదది. ఒళ్ళు మండి అన్నాడు.

“విప్పమన్నది నేను సార్.”

“ఏమిటీ?”

“దిమ్మ నానిపోతుంటే, రోజూ విప్పి ఆరబెట్టమన్నాను. పిన్నులు వేయకముందే విప్పించడం నా తప్పు. వేసిన పడవ చూడండి. మీ ఎదురుగానే విప్పి బిగిస్తారు.”

“కాదు సార్, ఆయన చెప్పలా...” అంటూ హజరత్తయ్య ముందుకొచ్చాడు.

“నువ్వు ఊరుకో అన్నా!”

విప్పారు. లేపారు. దించారు. బిగించారు. క్రీస్తురాజు రెండు వేళ్ళతో షాఫ్టు తిప్పితే, ఎక్కడా అడ్డం లేకుండా తిరిగింది. ఆఫీసరు దాన్ని చూడలేదు, బెజ్జాలను చూశాడు. “సర్కారు ఇంజనుకు ఎవరినడిగి బెజ్జాలు వేశావు?” అన్నాడు. తర్వాత పద్మనాభయ్య వైపు తిరిగి, “కంపెనీ ఏమంటుంది?” అన్నాడు.

చూసినదంతా పద్మనాభయ్యకు అర్థమైంది. ఏ ఇంజనీరుకైనా అర్థమవుతుంది. పిన్నులు వేయడం మంచి పనేనని ఒక్క ముక్క అంటే చాలు.

“కంపెనీ వైపు నుంచి పొరపాటేమీ లేదండీ,” అన్నాడు పద్మనాభయ్య.

పడవలు పాలెంలోనే ఉన్నాయి. పిన్నులు లేని రెండూ బాగుచేసేదాకా ఒడ్డునే ఉండాలన్నారు. ఎవరు బాగుచేస్తారో అనలేదు. క్రీస్తురాజు ఉద్యోగం ఆ నెలలోనే పోయింది. ఇంటికి వస్తే సమాధానం బైబిలు చంకలో పెట్టుకుని వచ్చాడు, ప్రార్థన చేద్దామని.

“ఇంట్లోనే చేసుకుంటాం లేన్నా,” అంది రెబెక్కమ్మ గడపలోనే నిలబడి. “మెల్లిగా చేసుకుంటాం.”

భిలాయిలో ఉన్న పాత సహాధ్యాయి, వస్తే ఏదో ఒక పని చూస్తానన్నాడు. క్రీస్తురాజు పెట్టె సర్దుకున్నాడు.

అతనూ పద్మనాభయ్యా ఆఖరుసారి కలిసింది నెల్లూరు స్టేషనులో. ఎవరు చెప్పారో, పద్మనాభయ్య మద్రాసు నుంచి వచ్చి, ప్లాట్‌ఫారమంతా వెతికి, మూడో తరగతి పెట్టె కిటికీ పట్టుకున్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

“దిగు రాజూ. మా కంపెనీలో చోటు చూసినాను. నా కిందే కాదు, వేరే సెక్షను. కాలేజీలో ఆ రోజు నేను...”

“ఆ రోజు సంగతి నువ్వే ఉంచుకో,” అన్నాడు క్రీస్తురాజు. “నీ ఉద్యోగం కూడా ఉంచుకో. మొగ దగ్గర రెండు పడవలు ఎండకు పగుళ్ళిస్తుండాయి. వానలు రాకముందే పోయి పిన్నులు కొట్టు. మనిషిని పంపడం కాదు, నువ్వే పో. ఎందుకు విప్పుతారో హజరత్తయ్యను అడుగు. తిట్టి చెబుతాడు. ఆయన పెళ్ళాం ఇంకా తిట్టి చెబుతుంది. అన్నీ పడు. కిటికీ మీద చెయ్యి తియ్యి పద్మనాభం, బండి కదుల్తుండాది.”